కరెంటు ఉన్నంతసేపు

కర్నూలు,
22 ఆగస్టు 2004.

జ్యోతక్కకు,

నువ్వు కువైట్‌లో విమానం దిగి రేపటికి నలభై రోజులు. సోమక్క ఇంటికి ఫోన్ చేసి క్షేమమని చెప్పావట. అమ్మ ఆ సంగతి నాకు కబురు పంపింది. "అన్నం తింటాండావా అంటే తింటాండా అనింది, ఆ తర్వాత గొంతు రాలేదు, ఫోన్ పెట్టేసింది" అని కూడా చెప్పించింది. అప్పటినుంచి నీకు రాద్దామని కూర్చుంటూనే ఉన్నాను. పెళ్లయి నువ్వు వెళ్లిన ఆ నాలుగేళ్లు తప్ప మనం వేరువేరు ఊళ్లలో ఉన్నది లేదు. నీకు ఉత్తరం రాయాల్సిన పని నాకెప్పుడూ పడలేదు. అందుకే ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

నేనింకా కర్నూల్లోనే, బొజ్జన్న రికార్డింగు గది పక్కనున్న అద్దె గదిలోనే ఉన్నాను. పొద్దున లేచి కీబోర్డు ముందు కూర్చుంటాను. ఒక వరస వాయించి, అలవాటుగా పక్కకు తిరిగి "ఎట్లుండాది?" అంటాను. అక్కడ ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. నువ్వున్నప్పుడు కూడా జవాబు చెప్పేదానివి కాదు. నచ్చితే ఆ వరసే పాడేదానివి, నచ్చకపోతే నీకు తోచినట్టు మార్చి పాడేదానివి. నాకు అదే జవాబు. ఇప్పుడు బాగుందో లేదో తెలియక ఒక్కొక్క వరసను పదిసార్లు మార్చి చివరికి మొదటిదాని దగ్గరికే వస్తున్నాను.

ఏ పని చేస్తున్నా మన మొదటి పాటే గుర్తొస్తోంది. నువ్వు అత్తగారింటి నుంచి తిరిగొచ్చి మంగంపేట ముగ్గురాయి మిల్లులో బస్తాలు నింపే పనికి చేరిన ఏడాది అది. నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. ఒక మధ్యాహ్నం నువ్వు మరిచిపోయిన క్యారియర్ ఇవ్వడానికి మిల్లుకు వచ్చాను. రాయిని పిండి చేసే మిషను ఒకే మోత మోగుతోంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కనురెప్పల దాకా తెల్లబడిపోయి, నువ్వు ఆ మోతకు శ్రుతి కలిపి పాడుకుంటున్నావు. నీకు ఆ సంగతి తెలియదు. నాకు మాత్రం ఒళ్లు జల్లుమంది. ఇంటికొచ్చి కీబోర్డులో ఆ మోత కోసం వెతికాను. మూడో రోజుకు దొరికింది. దాన్ని పలచగా పట్టి ఉంచి, కింద నెమ్మదిగా ఒక బీటు వేసి నిన్ను పాడమన్నాను. "తబలా లేకుండా యెట్ల పాడేదిరా" అన్నావు. పాడావు. నువ్వు అల్లిన ఆ నాలుగు మాటలు ఇవాళ పొద్దున కూడా నా నోట్లో ఆడాయి:

తెల్ల దుమ్ము దావలోన
పొద్దు పొడిచి నడిస్తి, పొద్దు మునిగి నడిస్తి
దులిపేదానికి ఇంటికాడ
ఎవరుండారు, ఎవరుండారు

అలా రెండేళ్లలో ఎనిమిది పాటలు. ఒక కీబోర్డు, ఒక గొంతు, అంతే. మన ఊరు పుల్లంపేటలో ఎవరికి వినిపించినా నవ్వారు. మన పాటల్ని నవ్వకుండా విన్నది కర్నూలు మురళి ఒక్కడే. క్యాసెట్ల కొట్టు మూసి పూర్తిగా విని, "కొత్తగా ఉండాదప్పా, మనమే వేద్దాం" అన్నాడు. బొజ్జన్న సంగతి గుర్తుందా? మహానంది భజనలూ బుర్రకథలూ రికార్డు చేసే మనిషి. మొదటి రోజు మనల్ని చూసి, "డోలు యాడ? ఆర్మోనీ యాడ? ఇదేం పాటప్పా, ఫ్రిజ్జు మోగినట్టుండాది" అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం అన్నం తింటూ అదే పాట కూనిరాగం తీస్తూ మనకు దొరికిపోయాడు. ఆ మే నెలంతా గంట కరెంటు ఉంటే రెండు గంటలు లేదు. చీకటి గదిలో చెమటలు కారుతూ కూర్చునేవాళ్లం. "కరెంటు ఉన్నంతసేపేనమ్మా మీరు పాటగాళ్లు, పోతే ముగ్గురం మూగోళ్లమే" అని ఆయనంటే, నువ్వు పకపకా నవ్వి, "ఒరే, ఇదే మన క్యాసెట్ పేరు" అన్నావు. నీ మొగుడు ఇంకో పెళ్లి చేసుకున్నాక నువ్వు అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

ఐదు పాటలు పూర్తయ్యాయి. చివరి రోజు గొంతు బాగాలేదని ఆపేశావు. తర్వాత పాడదామనుకుంటుండగా నీ వీసా వచ్చేసింది. ఆ మూడు పాటలు ఎలా చేద్దామని మురళి అడుగుతున్నాడు. ఏదో ఒక దారి చూస్తానని చెప్పాను. నువ్వు దాని గురించి మనసు పాడుచేసుకోవద్దు. నువ్వు పనిచేసే ఇంట్లోవాళ్లు ఎలాంటివాళ్లు? పాడుకోనిస్తున్నారా? రాయి.

నీ తమ్ముడు,
ధనుంజయ

—

కర్నూలు,
30 జనవరి 2005.

అక్కా,

క్యాసెట్ వచ్చేసింది. పదిరోజుల కింద కడపలో హాలు తీసుకుని విడుదల చేశాం. మంచి జనం వచ్చారు. మురళి దండలు తెప్పించాడు. పేపర్లో జిల్లా పేజీలో వేశారు. పాటలు కొత్తగా ఉన్నాయని అందరూ అంటున్నారు. బొజ్జన్న నిన్ను అడిగినట్టు రాయమన్నాడు.

కవరు మీద బొమ్మ బాగా కుదిరింది, నీలం రంగు మీద కరెంటు స్తంభాల వరస. నీకొకటి పంపాలి. పోస్టులో పగిలిపోతుందేమోనని ఆగాను. ఎవరైనా మన వైపు నుంచి వచ్చేవాళ్లుంటే వాళ్ల చేతికిస్తాను. తొందరేం లేదు కదా, పాటలు నీకు తెలిసినవే.

పని ఎక్కువగా ఉంది. అందుకే ఇంత చిన్న ఉత్తరం. నువ్వు డిసెంబరులో రాసింది అందింది. ఆ ఇంటి పెద్దామె నిన్ను పేరు పెట్టి పిలవడం లేదని రాశావు. జ్యోతి అనడం వాళ్లకు నోరు తిరగదేమో, నేర్చుకుంటారులే. చలి ఎక్కువని రాశావు, అమ్మ నేత శాలువా పంపుతానంటోంది.

ధనుంజయ

—

పుల్లంపేట,
12 జూన్ 2005.

అక్కా,

ఈ ఉత్తరం చదవడానికి ముందు ఎక్కడైనా కూర్చో. నీకు నా మీద ఉన్న నమ్మకం ఇది చదివాక ఉండదు. ఉండకపోవడమే న్యాయం.

క్యాసెట్‌లో నీ గొంతు లేదు. ఎనిమిది పాటల్లో ఒక్కదాంట్లో కూడా లేదు. కవరు మీద నీ పేరు లేదు. "ధనుంజయ, నాగశ్రీ" అని ఉంది. పాటలు రాసింది ఎవరో కూడా వేయలేదు. మురళి నన్ను అడిగాడు. "తర్వాత చూద్దాం" అన్నాను. ఆ తర్వాత రాలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నీకు మొదటి ఉత్తరం రాసిన వారానికి మురళి నన్ను కొట్టుకు పిలిచాడు. టీ తెప్పించి నెమ్మదిగా చెప్పాడు. "ఐదు పాటల్లో ఒక గొంతు, మూడింట్లో ఇంకో గొంతు అంటే వినేవాళ్లకు యెట్లుంటాదప్పా? రేపు స్టేజీ మీద ఎవరు పాడాల? కేబుల్ టీవీ వాళ్లొస్తే ఎవర్ని చూపియ్యాల? నాగశ్రీ అని ఈడ డిగ్రీ చదివే పిల్ల ఉండాది. గొంతు నున్నగా ఉంటాది. ఎనిమిదీ ఆ పిల్లతోనే పాడిద్దామా అని చూస్తాండా." ఆయనే మళ్లీ అన్నాడు. "బలవంతమేం లేదు. మీ అక్క రెండేండ్లకు లీవులో వస్తాదంటివి గదా. అంతదాకా ఆగుదామంటే ఆగుదాం. క్యాసెట్ యాడికీ పోదు. నువ్వు చెప్పిందే."

చూశావా అక్కా? ఆగమని నేను ఒక్కమాట అంటే మురళి ఆగేవాడు. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. పన్నెండేళ్లు పెళ్లిపందిళ్లలో ఇంకొకరి పాటలు వాయించాను. వాయించే చేతులు తప్ప నా ముఖం ఎవరూ చూడలేదు. మన పాటలు చేతికొచ్చాక ఇంకో రెండేళ్లు అద్దె గదిలో ఒక్కడినే కూర్చోవడం నావల్ల కాలేదు. ఆ సాయంత్రమే "సరే, ఆ పిల్లని పిలిపించు" అన్నాను.

నాగశ్రీ మంచి పిల్ల. దానిది ఇందులో ఏ తప్పూ లేదు. పాటలు నేర్చుకోవడానికి నీ గొంతుతో ఉన్నవి ఇచ్చాం. వారం రోజులు చెవులకు ఆ పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని వినేది. ఒకరోజు అవి తీసి నన్ను అడిగింది. "అన్నా, ఈ యక్క ఎవరు?"

"మా అక్క."

"శానా బాగ పాడినాది గదన్నా. ఇంత బాగుంటే మళ్లా నేనెందుకు?"

నేను కీబోర్డు వైరు సరిచేస్తున్నట్టు కిందికి వంగాను. వంగినవాణ్ని చాలాసేపు లేవలేదు. ఆ పిల్ల మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

ఇంతవరకూ చేసింది నువ్వు క్షమిస్తావేమో. తర్వాత చేసింది నేనే క్షమించుకోలేకపోతున్నాను. నాగశ్రీ గొంతు రికార్డు చేసే రోజు బొజ్జన్న నన్ను పక్కకు పిలిచి, "కంప్యూటర్లో జాగా లేదప్పా. ఈ పిల్లది పెట్టాలంటే మీ అక్కది తీసెయ్యాల. ఒక ఖాళీ సీడీ తెచ్చుకుంటే ఎక్కించిస్తా, రేపొద్దన మొదలుపెడదాం" అన్నాడు. సీడీలు అమ్మే కొట్టు కిందనే ఉంది. మెట్లు దిగితే చాలు. నేను దిగలేదు.

"వద్దులే బొజ్జన్నా, తీసెయ్" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి, "ఇంకోసారి అడుగుతాండా. తీసేస్తే మళ్లా రాదు" అన్నాడు.

"తీసెయ్."

ఎందుకన్నానో ఈ తొమ్మిది నెలలూ ఆలోచించాను. నీ గొంతు ఒక సీడీలో భద్రంగా ఉంటే అది నా పెట్టెలో ఉన్నన్నాళ్లూ నన్ను అడుగుతూ ఉంటుంది. లేకపోతే అడగదనుకున్నాను. అంత చిన్నబుద్ధి నాది. బొజ్జన్న ఒక్కొక్క పాటే తీసేశాడు. ఐదుసార్లు మీట నొక్కాడు. కరెంటు పోతే బాగుండునని ఆ క్షణంలో అనిపించింది. ఆ రోజు పోలేదు.

జనవరిలో నీకు రాసినవన్నీ అబద్ధాలు. కడప హాల్లో సగం కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్లలో సగం మా పాత ఆర్కెస్ట్రావాళ్లు. చివర్లో ఒకడు నా భుజం తట్టి, "యేమప్పా, పెండ్లి లేకుండా పిలిచినావు" అన్నాడు. పేపర్లో నాలుగు లైన్లు వేశారు, అందులో పాటల గురించి ఒక్క లైనూ లేదు, దండలు వేసిన పెద్దమనుషుల పేర్లే. బస్సు డ్రైవర్లకు ఇస్తే రెండు రోజులకు తిరిగిచ్చారు. "దరువు లేదు, డప్పు లేదు, తోలేటప్పుడు నిద్రొస్తాది" అన్నారు. మురళి కొట్టు గోడకు కట్టిన మా కవర్లు నెల తిరిగేసరికి తీసి వేరేవి కట్టాడు.

ఒకే ఒక్క మంచిమాట ఒక కార్డు మీద వచ్చింది. బనగానపల్లె దగ్గర మామిడితోటకు కాపలా ఉండే ఆయన రాశాడు. "ఆ పాప వయసు చిన్నదని గొంతు వింటే తెలుస్తాంది. అంత చిన్న పాపకు ఇంత దిగులు యెట్ల తెలిసె?" అని. ఆ కార్డు నాగశ్రీకి చూపించాను. చదివి నాకే తిరిగిచ్చేసింది. "ఇది నాకొచ్చింది కాదన్నా" అంది.

ఇక అమ్మ సంగతి. ఇది రాయకుండా ఉంటే బాగుండునని రెండుసార్లు కలం పక్కన పెట్టాను. ఫిబ్రవరిలో క్యాసెట్ తీసుకుని ఊరికి వచ్చాను. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సంచిలోనే ఉంచాను. అమ్మ బట్టలు ఉతకడానికి సంచి తీసి చూసింది. చూసి, నేను నిద్రలేచేలోపు సోమక్కనూ, రామలక్ష్మమ్మనూ, వీధిలో ఇంకా నలుగురిని పిలుచుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. "మా జ్యోతి పాడింది, వినండి. కువైటుకు పోకముందు పాడి పెట్టిపోయినాది" అని టేపురికార్డరులో క్యాసెట్ పెట్టింది. నేను లేచి వచ్చేసరికి మన మొదటి పాట మొదలైంది. మోత వచ్చింది, బీటు వచ్చింది, ఆ తర్వాత నాగశ్రీ గొంతు వచ్చింది.

అమ్మ నవ్వు ముఖం మీద అలాగే ఉంది, కళ్లలో మాత్రం మారింది. సోమక్క, "గొంతు మారినాదే పిల్లకు?" అంది. అందరూ నా వైపు చూశారు. నేనేమన్నానో తెలుసా? "మిషన్లో పెడితే గొంతు అట్ల మారుతాదమ్మా. అంతా కరెంటు పాట గదా, నున్నగా అయిపోతాది" అన్నాను. వాళ్లు నమ్మారు. "అట్లనా" అని తలలూపి, పాట బాగుందని చెప్పి వెళ్లిపోయారు. అమ్మ మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ క్యాసెట్ పెట్టుకుని, చెవి టేపురికార్డరుకు ఆనించి వింటుంది. అందులో ఎక్కడో నువ్వున్నావని వెతుకుతున్నట్టు వింటుంది. నాయన మగ్గం గుంతలోంచి లేవకుండానే ఆ రోజు పాటంతా విన్నాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర తల ఎత్తకుండా, "అది జ్యోతి గొంతు కాదు" అన్నాడు. అప్పటినుంచి నాతో పని మాటలు తప్ప మాట్లాడటం లేదు.

నేను కర్నూలు గది ఖాళీ చేసి మార్చిలో ఇంటికొచ్చేశాను. కీబోర్డును అమ్మ పాతచీరలో చుట్టి అటక మీద పెట్టాను. మంగంపేట మిల్లులో నువ్వు చేసిన పనికే చేరాను. ఆ మిషను మోత పొద్దస్తమానం వింటున్నాను. అందులో ఇప్పుడు నాకు ఏ పాటా వినిపించడం లేదు. ఇక పాటలు చేయను. ఇది బాధతో అంటున్నది కాదు, బాగా ఆలోచించుకునే రాస్తున్నాను. నిన్ను తీసేసిన చేతులు అవి.

నీకు జవాబు రాయాలనిపించకపోతే రాయొద్దు. అమ్మకు ఫోన్ చేసేటప్పుడు మాత్రం దీని గురించి అనకు. ఆమెకు ఆ వెతుకులాట అయినా మిగలనీ.

ధనుంజయ

—

కువైట్,
5 ఆగస్టు 2005, శుక్రవారం.

ఒరే ధనుంజయా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయడానికి నాకు శుక్రవారం మధ్యాహ్నం తప్ప తీరిక ఉండదు. రెండు శుక్రవారాలు కోపంతో రాయలేదు. ఈ రోజు రాస్తున్నాను.

నీ క్యాసెట్ నేను మార్చిలోనే విన్నాను. మన కోడూరు జీవమ్మ సెలవుకు వెళ్లి వచ్చింది. ఆమె మొగుడు ఇక్కడ డ్రైవరు, వాళ్లకు వేరే గది ఉంది. నెలకు రెండు శుక్రవారాలు నేను పనిచేసే ఇంటివాళ్లు నన్ను వదిలితే అక్కడికి పోతాను. రాయచోటి, రాజంపేట, పుల్లంపేట వైపు ఆడవాళ్లం ఏడెనిమిది మందిమి చేరి వండుకుని తింటాం. జీవమ్మ నన్ను చూడగానే, "మీ తమ్ముడి క్యాసెట్ కడప బస్టాండులో దొరికినాది జ్యోతీ, నీకోసమే తెచ్చినా" అని పెట్టింది. అందరూ నన్ను చూస్తున్నారు. వేరే గొంతు వచ్చింది. అన్నం కలుపుతున్నదాన్ని, కలుపుతూనే ఉన్నాను. ఎంతసేపు కలిపానో నాకు తెలియదు. జీవమ్మ ఆపబోతే, "ఉండనీ, పూర్తిగా వింటా" అన్నాను. నువ్వు చెబుతావని మార్చి నుంచి ఎదురుచూశాను. జూన్ దాకా చెప్పలేదు.

నాకు ఎక్కడ కోపమో నీకు సరిగ్గా తెలియాలి. ఆ పిల్ల పాడినందుకు కాదు. నేను ఇక్కడ అంట్లు తోముతుంటే స్టేజీ మీద ఎవరో ఒకరు పాడాల్సిందే. పేరు వేయనందుకు కోపం ఉంది. అమ్మకు అబద్ధం చెప్పినందుకు ఇంకా ఎక్కువ ఉంది. కానీ అన్నిటికంటే, కింది కొట్టుకు మెట్లు దిగనందుకు. ఈ ఇంట్లో నన్ను పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఆ ఐదు పాటలు ఎక్కడో ఒకచోట ఉన్నాయి, అక్కడ నేను నేనుగా ఉన్నాను అనుకుని ఏడాది బతికాను. లేవని నీ ఉత్తరంతో తెలిసింది. ఈ మాట నీకు నొప్పి పుట్టాలనే రాస్తున్నాను. పుట్టనీ.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఆ చివరి రోజు నా గొంతుకు ఏమీ కాలేదు. వీసా నాకు ఏప్రిల్లోనే వచ్చింది. మే నెలంతా దాన్ని పెట్టెలో జాకెట్ల కింద దాచిపెట్టి వచ్చి పాడాను. చెబితే నువ్వు పోవద్దంటావు, నువ్వంటే నేను ఆగిపోతాను. ఆగితే మళ్లీ అదే ఊరు, అదే మిల్లు, మొగుడు వదిలేసినాడంట అనే అవే చూపులు. మిగిలిన మూడు పాటలూ ఇంటి గురించి రాసినవి. పోతున్నానని తెలిసి అవి పాడటం నావల్ల కాలేదు. అందుకని గొంతు బాగాలేదన్నాను. ఎనిమిదీ పాడి ఉంటే నీకు ఈ ఇరకాటం వచ్చేది కాదు. నువ్వు చేసిన దానికి ఇది సమానమని అనడం లేదు. కానీ మనం ఇద్దరమూ ఒకే గదిలో కూర్చుని ఒకరికొకరు చెప్పుకోలేదు, అది నిజం.

క్యాసెట్ ఇంకో సంగతి చెప్పింది, నీకు తెలియనట్టుంది. రెండో శుక్రవారం మళ్లీ విన్నాను. "పొద్దు మునిగి నడిస్తి" అన్న తర్వాత నేను ఒక్క క్షణం ఊపిరి తీసుకునేదాన్ని, దుమ్ముకు నాకు ఊపిరి ఆడక వచ్చిన అలవాటు అది. ఆ పిల్లకు ఆ అవసరం లేదు. అయినా అక్కడే ఊపిరి తీసుకుంది. "ఎవరుండారు" అన్నది రెండోసారి కొంచెం కిందికి దించుతాను, నువ్వెన్నిసార్లు సరిచేసినా నాకు రాలేదు చూడు, దాన్నీ అలాగే దించింది. నా తప్పులతో సహా నేర్చుకుంది. ఆ పిల్లను కసురుకోవాలని మొదలుపెట్టినదాన్ని, కసురుకోలేకపోయాను. నా ఊపిరి అంత శ్రద్ధగా విన్న మనిషి ఇంతవరకు ఇంకొకరు లేరు.

రెండో వైపు తిప్పితే ఎనిమిది పాటలూ గొంతు లేకుండా ఉత్త మ్యూజిక్కే ఉన్నాయి. ఎందుకు పెట్టారో నాకు తెలియదు, మురళి పెట్టించాడేమో. జీవమ్మ, "నువ్వు పాడు జ్యోతీ, ఆ పిల్ల లేదు గదా ఇప్పుడు" అంది. పాడాను. మిగిలిపోయిన ఆ మూడు కూడా పాడాను. ఇంటి నుంచి ఇంత దూరం వచ్చాక వాటిని పాడటం ఏమంత కష్టం కాలేదు. రాయచోటి వైపు ఒకామె ఉంది, ఎవరితోనూ మాట్లాడదు. నేను పాడుతుంటే గోడకు తిరిగి కూర్చుంది. అయిపోయాక, "ఇంగోసారి పాడు మా" అంది. ఆ రోజు నుంచి ప్రతిసారీ పాడిస్తున్నారు. వాళ్లందరికీ మాటలన్నీ నోటికొచ్చేశాయి. రొట్టెలు చేస్తూ పాడుకుంటారు. దరువు లేదని ఇక్కడ ఎవరూ అనలేదు. నిద్రొస్తుందని అనలేదు. మీ క్యాసెట్ ఎవరికీ పట్టలేదని రాశావే, ఇక్కడ జీవమ్మ దగ్గర అరిగిపోయి రెండోది తెప్పించుకున్నారు.

ఇప్పుడు నువ్వు చేయాల్సినవి చెబుతాను. ముందు అమ్మ దగ్గర కూర్చుని నిజం చెప్పు. నేను ఫోన్‌లో చెప్పను, అది నీ పని. ఆమెకు వెతుకులాట మిగలనీ అని రాశావు, అది దయ కాదు, పిరికితనం. నాయన ముందు చెప్పు. తిడితే పడు. తర్వాత కర్నూలుకు పోయి నాగశ్రీకి నా మాట చెప్పు, "బాగా పాడినావు, మా అక్క అనింది" అని. కార్డు రాసిన ఆయనకు కూడా పాటలు ఎవరు అల్లారో రాయి.

ఆ తర్వాత అటక ఎక్కి కీబోర్డు దించు. పాటలు మానేస్తానని నువ్వు రాసిన మాట నేను ఒప్పుకోను. మానడం శిక్ష అనుకుంటున్నావు, నాకు మాత్రం అది రెండోసారి తీసేయడం. నాలుగు కొత్త మాటలు అల్లాను, దీని వెనక రాశాను. వరస కట్టు. గొంతు పెట్టకుండా మ్యూజిక్కు మాత్రం క్యాసెట్‌లో ఎక్కించి పంపు. జీవమ్మ తమ్ముడు అక్టోబరులో వస్తున్నాడు, ఆయన చేతికివ్వు. నేను ఇక్కడ దాని మీద పాడి ఇంకో టేపులో పట్టి పంపుతాను. వాళ్లందరూ చివరి లైను నాతో కలుస్తామంటున్నారు, కలవనిస్తాను. కొన్ని పాటలు నాగశ్రీ పాడాలి, కొన్ని నేను. కవరు మీద ముగ్గురి పేర్లూ ఉండాలి. మురళి వేస్తే సరే, వేయకపోతే మనమే నాలుగు టేపులు చేసి పంచుకుందాం.

ఒక సంగతి ముందే చెబుతున్నాను. జీవమ్మ గదిలో పాత ఏసీ ఉంది. ఈ ఎండలకు దాన్ని ఆపితే ఉండలేం. నేను పాడేటప్పుడు వెనక దాని మోత వస్తుంది. బొజ్జన్న విని, మోత తీసేసి గొంతు శుభ్రం చేస్తానంటాడు. తీయనివ్వకు. నేనున్న చోటు అది.

మీ అక్క,
అరుణజ్యోతి